మల్లక్క కళ్ళు తెరిచి దిగిన ఫోటో

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. శివనగర్ ఉప్పలయ్య విషయంలో ఆ సామెత ఒక్క కంటికే నిజమైంది.

ఉప్పలయ్య బతికున్నన్నాళ్ళూ ఫోటో దిగలేదు. దిగితే ఆయుష్షు తగ్గుతుందని వాళ్ళమ్మ చెప్పిపోయింది. ఆయుష్షు సంగతి కల్లు చూసుకుంది, ఫోటోకు చెడ్డపేరు రాలేదు. పోయిన పొద్దున, గోడకు పెట్టుకోవడానికి ఒక్క బొమ్మయినా లేదే అని ఏడ్పుల మధ్యనే గొడవ మొదలైంది. ఆ రోజుల్లో అందరిండ్లలో చేసినట్టే వీళ్ళూ చేశారు. వరంగల్ చౌరస్తాలో స్టూడియో పెట్టుకున్న వీరభద్రాన్ని పిలిపించారు. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా నడుముకు తువ్వాల కట్టి, తల వాలిపోకుండా వెనక ఒక మనిషి దాక్కుని పట్టుకుంటే ఫోటో తీశారు.

"కండ్లు మూసుకుంటే ఎట్లనన్నా? జర తెరిసినట్టు చెయ్యరాదే," అని కొడుకు సారయ్య బతిమిలాడాడు.

వీరభద్రం కుంచెతో ఫోటో మీదనే కళ్ళు వేశాడు. ఒక కన్ను చారెడు. అది వాకిలి దిక్కు చూస్తుంది. రెండోది చింతగింజంత. అది పొయ్యి దిక్కు చూస్తుంది. ముక్కులో పెట్టిన దూదిని మాత్రం ముట్టుకోలేదు, తెల్లమీసం అనుకున్నాడో ఏమో.

ఉప్పలయ్య పెళ్ళాం మల్లక్క ఆ చూపుల కిందనే వండింది, తిన్నది, పడుకున్నది. చూడవచ్చినవాళ్ళు ముఖం తిప్పుకుంటే ఆమే సర్ది చెప్పేది.

"బతికున్నప్పుడు గూడ గంతేనమ్మా. తిండికి ఒక కన్ను ఇంట్ల, తాగుడుకు ఒక కన్ను బైట."

ఇలా నవ్వుతూ పోయేదే గానీ, ఒక ఎండాకాలం స్టేషన్ ఘన్‌పూర్ నుంచి ఆమె ఆడబిడ్డ వచ్చింది. అన్న ఫోటో ముందు నిలబడి కొంగుతో ముక్కు తుడుచుకుని, మూలనున్న ఆనాటి కుర్చీని చూపించి, "గట్టి కుర్చీ వదినె. రేపు నీకు గూడ గిదే సరిపోతది," అన్నది. ఆమె ప్రేమగానే అన్నదట. కొందరి ప్రేమ కన్నా కక్ష నయం.

ఆ మాట మల్లక్కకు అన్నం దిగనియ్యలేదు. చావంటే ఆమెకు భయం లేదు. కుర్చీలో కట్టేస్తారని భయం. అంతకన్నా, తన ముఖం మీద వీరభద్రం వేసే కళ్ళంటే భయం. మనవలూ ముని మనవలూ ఆ కళ్ళే తన కళ్ళనుకుంటారు కదా!

"నేను బతికుండంగనే ఫోటో దిగుత. నా కండ్లు నేనే తెరుస్త," అని కొడుకుకూ కోడలికీ చెప్పేసింది.

"ఆయుష్షు తగ్గుతదేమో అత్తమ్మా," అన్నది కోడలు రాజేశ్వరి.

"తగ్గితే ఘన్‌పూర్ దాంతోని బదులు తెచ్చుకుంట. దానికి మస్తు ఉన్నది."

మల్లక్క సంగతి కొంచెం చెప్పాలి. పెళ్ళయి వచ్చిన ఏడాది నుంచీ ఆమెది మార్కెట్లో ఎండుమిరపకాయల తొడిమలు తీసే పని. కొత్తగా వచ్చిన ఆడవాళ్ళు రాశి ముందు కూర్చోగానే తుమ్మి తుమ్మి పడిపోతే, ఈమె వక్క నములుతూ కబుర్లు చెప్పేది. ఆ పనిలో ఒకటే నీతి. వేళ్ళు ముఖం మీదికి పోవద్దు. చెమటయినా దురదయినా మోచేత్తోనే. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. కొత్తకోడలు గడపలో అడుగు పెట్టిన రోజు మల్లక్క మురిసిపోయి ఆమె చెంపను మోచేత్తో నిమిరింది. అత్త తనను నెట్టేస్తున్నదనుకుని రాజేశ్వరి వాకిట్లోనే ఏడ్చింది. మనవరాలికయితే పుట్టినప్పటి నుంచీ మోచేతి ముద్దే అలవాటు.

ఫోటోకని ముందుగా నాలుగు రోజులు పని మానేసింది. పళ్ళపొడితో రాజేశ్వరి ఆమె పళ్ళు తోమించింది. వక్క మాన్పించింది. చేతులకు చింతపండు రుద్దింది, పెరుగు రుద్దింది, నువ్వులనూనె రుద్దింది. ఘాటు పోయిందో లేదో తెలుసుకోవడానికి మల్లక్క తన వేలిని పిల్లి ముక్కుకు రాసి చూసింది. పిల్లి గోడ దూకి పక్కింటి హలీమాబీ దగ్గరికి పోయింది. మళ్ళీ రాలేదు.

"అత్తమ్మా, ఇంకా పోలేదే!"

"దానిది సుకుమారం ముక్కు. నేనేమన్న ఫోటోల ముక్కు పట్టుకోని నిలవడ్తనా?"

చీర రాజేశ్వరిదే. పెండ్లినాటి మిరపపండు రంగు పట్టుచీర, దానికి తగ్గ రవిక. రవిక చేతులకు మోచేతుల దాకా జరీ అంచు. ఆ చీరను రాజేశ్వరి తన పిల్లకన్నా జాగ్రత్తగా చూసుకుంటుంది. కట్టబెడుతున్నంతసేపూ చెబుతూనే ఉంది.

"మోచెయ్యి దేనికీ ఆనియ్యకు అత్తమ్మా. జరీకి మరక పడ్డదంటే పోదు."

"కట్టబెడ్తానవా, కాపలా పెడ్తానవా?"

తరువాత పౌడరు. ముఖానికి కొట్టిన పౌడరు మెడ దగ్గర ఆగిపోయింది. సున్నం వేసిన గోడకు మేకు కొట్టినట్టు మధ్యలో ముక్కుపుల్ల.

పిల్లిని తిరిగి ఇద్దామని వచ్చిన హలీమాబీ మల్లక్కను చూసి, పిల్లి సంగతి మరిచిపోయింది.

"అంతా బాగున్నది గానీ అక్కా, కండ్లేవీ? పౌడర్ల మునిగినయి. ఆగు, జర సుర్మా పెడ్త."

"మొగడు సచ్చినదానికి కాటుకేందే? నలుగురు నవ్వుతరు."

"కాటుక గాదక్కా, సుర్మా. మా మొగోళ్ళు గూడ పెట్టుకుంటరు. సలువ. పెట్టుకున్నవంటే నీ కండ్లు హనుమకొండ దాకా కనవడ్తయి."

మగవాళ్ళు పెట్టుకునేదానికి ముండమోపి నియమం వర్తించదు కదా. మల్లక్క ఆలోచించి ఒప్పుకుంది. కళ్ళ కోసమే కదా ఇంత కష్టం.

రిక్షాలో రెండు చేతులూ ఒంటికి తగలకుండా ఎత్తిపట్టుకుని కూర్చుంది. తడి బట్టలు ఆరేసిన దండెంలాగా ఉంది. రైలుకట్ట దగ్గర తెలిసినవాళ్ళు అడిగారు.

"ఎటు పోతానవ్ మల్లక్కా?"

"పెండ్లిసూపులకు!"

స్టూడియోలో ఒక తెర మీద సరస్సూ, మెట్లూ, ఒక రాజమహలూ ఉన్నాయి. పక్కన ప్లాస్టిక్ పూలు. తెర ముందు ఒక కుర్చీ. వీరభద్రం దానిని గుడ్డతో తుడిచి, "కూసో అక్కా," అన్నాడు.

"కుర్చీల కూసోను. కూసునేటోళ్ళు సచ్చినోళ్ళు."

వీరభద్రానికి అప్పుడు మనిషి గుర్తుకొచ్చింది. నాలుగడుగులు వెనక్కి వేశాడు. మల్లక్క అడగాల్సినవన్నీ మనసులో దాచుకుని వచ్చింది.

"ఏం కొడుకా, నా మొగనికి పెట్టిన కండ్లు ఏడ తెచ్చినవు? ఒకటి ఎద్దుది, ఒకటి ఎల్కది."

"అప్పుడు కొత్తగ నేర్చుకుంటాన అక్కా."

"సచ్చినోని మీద నేర్చుకున్నవు. మంచిగనే ఉన్నది, వాడు లేసి అడగడు. నేను బతికే ఉన్న. అడుగుత."

వీరభద్రం కుర్చీని తీసి అవతల పెట్టాడు. మల్లక్క రాజమహలు మెట్ల ముందు నిలబడింది. రాజేశ్వరి కుచ్చిళ్ళు సర్దింది, కొంగు సర్దింది, మోచేతులు సర్దింది. వీరభద్రం రెండు పెద్ద బల్బులు వెలిగించి, కెమెరా వెనక నల్లగుడ్డలో తలదూర్చాడు. ఆ గుడ్డలోంచి ఒకటే సుద్దులు. గడ్డం దించు, మరీ దించకు, భుజం ఇటు తిప్పు, దమ్ము పట్టు.

"ఎంతసేపు పట్టాలెరా దమ్ము? ఇట్లనే పోతే మల్ల కుర్చీ తేవాల్నా?"

బల్బుల వేడి పొయ్యి ముందు కూర్చున్నట్టుంది. చెమట పట్టింది. పౌడరు కరిగి చారలు కట్టింది. సుర్మా కుడికంటి కొసలోంచి కిందికి పాకింది.

"అక్కా, కుడికంటి కాడ నల్లగయింది. తుడుసుకో."

మల్లక్క మోచెయ్యి అలవాటు కొద్దీ ముఖం దాకా లేచింది.

"అత్తమ్మా! జరీ!" అని రాజేశ్వరి కెవ్వుమన్నది.

మోచెయ్యి గాలిలోనే ఆగింది. ఏండ్ల తరబడి పాటించిన నీతిని, పిల్లి చెప్పిన సాక్ష్యాన్ని, అన్నింటినీ మరిచి మల్లక్క చూపుడువేలు కంట్లోకి పోయింది. ఆ కన్ను మండిందని రెండో వేలు రెండో కంట్లోకి పోయింది.

ఆమె అరవలేదు. "వార్నీ," అన్నది, అంతే. కళ్ళు రెండూ తలుపులు మూసినట్టు మూసుకున్నాయి. కందిపోయిన రెప్పల కింద నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. రాజేశ్వరి నీళ్ళ చెంబుతో పరుగెత్తుకొచ్చి చల్లితే మంట ఇంకా రాజుకుంది.

"ఇంటికి పోదాం అత్తమ్మా. రేపు వద్దాం."

"రేపటికి నేనుంటనని ఎవలన్న చెప్పిండ్రానే?"

అప్పుడు వీరభద్రం నోరు జారాడు. మంచి మనసుతోనే అన్నాడు పాపం.

"ఫికర్ చెయ్యకు అక్కా. కండ్లు మూసుకోని ఉన్నా ఏం గాదు. దింపిన తర్వాత నేను కుంచెతోని..."

మల్లక్క కళ్ళు మూసుకునే గొంతు వినిపించిన దిక్కుకు చూపుడువేలు సాచింది.

"కుంచె ముట్టినవంటే ఈ ఏలు నీ కంట్ల పెడ్త."

ఆ వేలు ఎలాంటిదో అప్పుడే చూశాడు. వీరభద్రం నల్లగుడ్డలోకి దూరి, మళ్ళీ బయటికి రాలేదు.

మల్లక్క కదలకుండా నిలబడింది. ఇంటికి పోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. రేపు పని ఉంటుంది, ఎల్లుండి జ్వరం ఉంటుంది, ఆ మర్నాడు కుర్చీ ఉంటుంది. కుర్చీ వెనక దాక్కుని తన తల ఎవరు పట్టుకుంటారో కూడా కనిపించింది. ఘన్‌పూర్ ఆడబిడ్డ భర్త. ఎప్పుడూ చేతులు కడుక్కోని మనిషి. ఆ తలంపుకు ఒళ్ళు భగ్గుమన్నది. పళ్ళు బిగబట్టి, చీర కుచ్చిళ్ళు రెండు పిడికిళ్ళా పట్టుకుని, రెప్పల మీద బండలున్నట్టు నెమ్మదిగా, రెండింటినీ పైకెత్తింది.

"తియ్యిరా!"

"రెప్ప కొట్టకక్కా!"

"నేను కొట్ట. నువ్వు జడువకు!"

కెమెరా చప్పుడయింది. ఆ తరువాత కారిన నీళ్ళకు ముఖం మీది పౌడరు దుక్కి దున్నినట్టయింది. జరీ మాత్రం తడవలేదు. ఆ సంతోషం రాజేశ్వరిది.

ఫోటో వచ్చిన రోజు ఇల్లంతా మూగారు. నల్లదీ తెల్లదీ తప్ప మరో రంగు లేదు గనక కళ్ళ ఎరుపు దాని మీద పడలేదు. పడిందల్లా నీటి మెరుపే. రెండు కళ్ళూ సమానంగా, ఇంతింత పెద్దవిగా, నిండుగా, ఎదుటివాణ్ణి గద్ద కోడిపిల్లను చూసినట్టు చూస్తున్నాయి. రాజమహలు ఈమె మామగారు కట్టించినట్టే ఉంది.

"యా అల్లా! ఎవలను సంపబోతానవ్ అక్కా?" అన్నది హలీమాబీ. పిల్లి ఆమె చంకలోంచి తొంగి చూసి మళ్ళీ లోపలికి పోయింది.

ఘన్‌పూర్ ఆడబిడ్డ కూడా వచ్చి చూసింది. తెలియకుండానే కొంగు తలమీదికి లాక్కుంది. కుర్చీ కోసం మూలకు చూసింది గానీ అక్కడ కుర్చీ లేదు. అంతకు ముందు ఆదివారమే మల్లక్క దానిని కొట్టించి, నీళ్ళపొయ్యిలో పెట్టి, తనివితీరా తలంటిపోసుకుంది.

సారయ్య ఫోటోను నాయన పక్కన తగిలించబోతే పదిమందీ వద్దన్నారు. బతికున్న మనిషిని పోయినవాళ్ళ పక్కన పెట్టవద్దట. మల్లక్కకూ అక్కడ ఇష్టం లేదు.

"ఆడ వద్దు కొడుకా. వాకిలి మీద కొట్టు. లోపటి దిక్కు."

"ఆడెందుకవ్వా?"

"మీ నాయన కన్ను యాడికి సూస్తాందో సూడు. బైటికి పోవాలంటే ఇగ నన్ను దాటిపోవాలె."

అది మొదలు ఆ ఇంట్లో చారెడు కన్ను పడే చోటే మల్లక్క ఉన్నది. వచ్చినవాళ్ళు ఉప్పలయ్యను చూసి జడుసుకునేవాళ్ళు, పోదామని వెనక్కి తిరిగి మల్లక్కను చూసి మళ్ళీ కూర్చునేవాళ్ళు.

ఆయుష్షేమీ తగ్గలేదు. ఇంకా చాలా ఏండ్లు మిరపకాయలు వలిచి, కోడలికీ ఆ పని నేర్పి, ఎనభై దాటిన వయసులో ఒక వానాకాలం పొద్దున మల్లక్క పోయింది. ఎవరూ కుర్చీ అడగలేదు. వీరభద్రం వచ్చాడు, కెమెరా పెట్టె తేలేదు. దండం పెట్టి, దూరం నుంచే పోయాడు.

దినాలయ్యాక సారయ్య వాకిలి మీది ఫోటో దించాడు. ఇప్పుడయితే నాయన పక్కన పెట్టొచ్చు కదా అని మేకు కూడా కొట్టాడు. రాజేశ్వరి మార్కెట్ నుంచి అప్పుడే వచ్చింది. గోడను చూసింది, వాకిలిని చూసింది.

"అత్తమ్మను ఆడికెల్లి తీస్తవా? ముసలాయన కల్లుకు పోతడు," అన్నది.

ఫోటోను తీసుకుని, అద్దం మీది దుమ్మును మోచేత్తో తుడిచి, మళ్ళీ వాకిలి మీదనే తగిలించింది.