మూత వేయలేని ల్యాప్‌టాప్

ఇస్నాపూర్‌లో మాది జిరాక్స్ షాపు. కొత్త విండోస్ మోయలేని పాత కంప్యూటర్‌లో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ రకాల్లో ఏది వేయాలో తేలక తిరుగుతున్న రోజుల్లో, సంగారెడ్డి బస్సులో నా పక్కన ఒక మహానుభావుడు కూర్చున్నాడు. ల్యాప్‌టాప్ నిండా లినక్స్ స్టిక్కర్లే. ఏది మంచిదని అడిగాను.

"నేను వాడేదే ఏస్కో అన్నా. దాంట్ల అన్నీ మనమే పెట్టుకోవాలె. రెడీమేడ్‌వి చిన్నపిల్లలకు."

"ప్రింటరు, తెలుగు టైపింగు నడుస్తయా?"

"గవి జెర కూసొని సెట్ చేసుకోవాలె."

"మరి నువ్వు దాంట్ల ఏం పని చేస్తవు తమ్మీ?"

ఒళ్లో తెరిచిన ల్యాప్‌టాప్‌లో నడుస్తున్న అప్‌డేట్ చూపించాడు. "సెట్ చేస్తుంటా."

సంగారెడ్డి వచ్చినా ఆయన అప్‌డేట్ పూర్తికాలేదు. మూత వేస్తే ఆగిపోతుందని, ల్యాప్‌టాప్‌ను నిండు పాలగిన్నెలా రెండు చేతులా పట్టుకుని దిగాడు.

ఆ వారమే మా ప్రింటర్‌ను గుర్తుపట్టిన లినక్స్ ఒకటి వేసేశాను. ఇప్పుడు నన్నెవరైనా ఏది మంచిదని అడిగితే, పేరు చెప్పను. ముందు పనేమైనా ఉందా అని అడుగుతాను.