తప్పు లేని ఫైలు

మందుల పెట్టెల్లో మడతపెట్టి ఉంచే సమాచార పత్రాలు తయారుచేసే ఆఫీసది. అక్కడ అందరికీ ఆమె వదినే. నిజానికి వదిన అయింది ఒక్కరికే, పక్క కుర్చీలో కూర్చునే ఆడపడుచుకి. ఆ పిల్లను పనిలో పెట్టించిందీ, హెచ్‌టీఎంఎల్‌లో వెబ్ పేజీలు కట్టడం నేర్పిందీ ఆమే.

వదినకి వేగం ఎక్కువ, పట్టింపు తక్కువ. < > కొక్కేల మధ్య రాసే పేరా ట్యాగు తెరిచి మూయడం మరిచినా, పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ కలిపేసినా, బ్రౌజర్ చూసీ చూడనట్టు పోయి పేజీని చక్కగా చూపించేది. "మేనత్త లాంటిది. ఎంత అల్లరి చేసినా కడుపులో పెట్టుకుంటుంది" అనేది నవ్వుతూ.

అంతలో, పత్రాలన్నీ ఇకమీదట ఎక్స్‌ఎంఎల్‌లో ఉండాలని పైనుంచి మాట వచ్చింది. శిక్షణకు వదిన పేరే రాశారు. సరిగ్గా అప్పుడే అత్తగారు జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. వదిన మొగుడు లారీ డ్రైవరు, ఇంటిపట్టున ఉండడు. ఆవిడ కన్నకూతురు గుమ్మంలో నిలబడి నీళ్లు నమిలింది.

"అమ్మ నాచేత చేయించుకోదు వదినా. నీ చెయ్యే అలవాటు. శిక్షణకి నేను వెళ్తాను, నేర్చుకొచ్చి నీకు చెప్తాగా!"

వదిన సెలవు పెట్టింది. మళ్లీ ఆఫీసుకి వెళ్లేసరికి ఆడపడుచు అద్దాల గదిలో ఉంది. ఇప్పుడు ఆ విభాగానికి ఆమే పెద్ద.

చెప్పడం మాత్రం చెప్పింది, నిలబడే, గడియారం చూసుకుంటూ.

"హెచ్‌టీఎంఎల్ పేజీని తెరమీద చూపించడానికి. దాని ట్యాగులు ఎవరో ముందే పెట్టేశారు. ఇక్కడ పేర్లు మనమే పెట్టుకుంటాం, డోస్ అనో వార్నింగ్ అనో. లోపలున్నది ఏమిటో చెప్పడమే దీని పని. తెరిచిన ప్రతి ట్యాగూ మూయాలి. లోపలిది ముందు, బయటిది తర్వాత. పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు. ట్యాగులో ఇచ్చే విలువలకి కొటేషన్లు ఉండాలి. మొత్తాన్ని చుట్టి ఒకే ఒక్క పెద్ద ట్యాగు. ఒక్క తప్పున్నా ఫైలు అక్కడే ఆగిపోతుంది."

"ఒక్కదానికే?"

"ఒక్కదానికే. బతిమాలినా వినదు."

వదిన తంటాలు పడి నేర్చుకుంది. ఫైళ్లు ఒకటొకటిగా పాసయ్యాయి. పిల్లల జ్వరం మందు పత్రం ఒకటి మాత్రం మొండికేసింది. తప్పు హెచ్చరికలో ఉందంటుంది కంప్యూటరు. అక్కడున్నది ఇంతే: "బరువు < 10 కిలోలు ఉన్న పిల్లలకు ఇవ్వరాదు." ట్యాగు తెరిచే ఉంది, మూసే ఉంది. వదిన అద్దాల తలుపు తోసింది.

"ఒక్కసారి ఇది చూడమ్మా, ఎందుకు ఆగుతోందో..."

ఆడపడుచు ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టింది. "అది ఇవాళే వెళ్లిపోవాలి వదినా. ఏదో ఒకటి చేసి పాస్ చేయించు. ప్రతిదానికీ చిన్నపిల్లలా నా దగ్గరికొస్తే ఎలా?"

బయట కూర్చున్నవాళ్లంతా విన్నారు. వదిన మొహం కందిపోయింది. తిరిగొచ్చి ఆ లైను మళ్లీ చూసింది. మధ్యలో ఈ కొక్కెం ఏమిటి? ఏ పాత ట్యాగో విరిగి మిగిలిన ముక్క కాబోలనుకుని తీసేసింది. ఫైలు పాసయింది. ఆడపడుచు తెరిచైనా చూడకుండా ఆమోదించి పంపేసింది.

అచ్చుకి ముందు చదివిన మందుల కంపెనీవాళ్లు పట్టుకున్నారు. ఆ కొక్కెం 'కంటే తక్కువ' అనే గుర్తు. అది పోవడంతో, పది కిలోల లోపు పిల్లలకి ఇవ్వకూడదన్న మాట సరిగ్గా పది కిలోలుంటేనే ఇవ్వకూడదన్నట్టయింది. ఎక్స్‌ఎంఎల్‌లో ఆ గుర్తుని నేరుగా రాస్తే కొత్త ట్యాగు మొదలైందనుకుంటుంది. దాని బదులు వేరే సంకేతం రాయాలి. బ్రౌజర్ సర్దుకుపోయేది గనక వదినకి ఇన్నేళ్లూ ఆ అవసరమే రాలేదు. ఇక కంప్యూటరు ట్యాగుల వరస చూస్తుందే గాని, రాసింది నిజమో కాదో దానికేం పట్టింది?

"నేనే తీసేశాను సార్" అంది వదిన మేనేజరు ముందు. "అడుగుదామనే వెళ్లాను..."

ఆడపడుచు బల్ల వైపు చూస్తూ, "ఆ సంకేతం సంగతి అందరికీ చెప్పాను సార్" అంది.

చెప్పలేదు. ఆ మాట వదిన నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. పసిపిల్లల మందు అది. ఎవరు చెప్పినా చెప్పకపోయినా తీసేసింది తన చెయ్యే. రేపటినుంచి రానక్కర్లేదన్నారు.

ఇద్దరూ ఒకే బస్సులో, వేరువేరు సీట్లలో ఇంటికొచ్చారు. మంచం మీది అత్తగారు కోడలి మొహం చూసి, "ఏమైందే, అలా ఉన్నావు?" అంది.

"వదినకి ఉద్యోగం విసుగొచ్చి మానేసిందమ్మా. ఇక పగలంతా నీ దగ్గరే ఉంటుంది" అంది కూతురు చెప్పులు విప్పుతూ.

"పోనీలే, నాకూ తోడు" అని ముసలావిడ సంబరపడింది.

వదిన ఆవిడను మెల్లగా పక్కకి తిప్పి, నడుం కింద దిండు సర్దింది.