కాదత్తా, నా నాలుగు లా కాలేజీలూ

మా మేనత్త ఎవరేం మాట్లాడినా ముందు "కాదు" అంటుంది. వాళ్ళు ఏమన్నారో ఆలోచించడం ఆ తర్వాత సంగతి. ఒప్పుకోవలసి వచ్చినా అంతే, "కాదు, నువ్వు చెప్పిందే నిజం" అంటుంది. అందుకే చిన్నప్పుడు నేనే ఆమెకు కాదత్త అని పేరు పెట్టాను. పేరు నచ్చలేదా అని అడిగితే, "కాదు, బాగానే ఉంది" అంది.

అత్తకు మందుల షాపు ఉంది. గాజు బల్ల వెనక ఎత్తు స్టూలు మీద, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, కత్తెరతో మాత్రల అట్టలు కత్తిరిస్తూ కూర్చుంటుంది. ఎవరైనా వచ్చి మందు అడిగితే వెంటనే తీసి ఇవ్వడం ఆమె వల్ల కాదు. ఒకసారి పక్కవీధి టైలరు దగ్గుకుంటూ వచ్చాడు. కాదు, ఇది మందుతో పోయే దగ్గు కాదు, నువ్వు గుడ్డపీలికల గుట్ట పక్కనే పడుకుంటున్నావు, ముందు అది ఊడ్చి పారెయ్యమని ఉత్త చేతులతో పంపేసింది. వారంలో దగ్గు పోయింది. మీరు చెప్పినట్టే చేశానమ్మా, తగ్గిందని అతను చెప్పడానికి వస్తే, కాదు, వాతావరణం మారింది అంది.

షాపు పైన మేడ మీద ఒక డాక్టరు గారున్నారు. ఆయన రాసిన చీటీ కిందికి దిగగానే అత్త ఫోను పైకి వెళుతుంది. ఇంత చిన్న పిల్లకు ఇంత మోతాదు ఎందుకని ఒకసారి, ఇదే మందు మాత్రగా దొరుకుతుంటే సూది ఎందుకని ఇంకోసారి. ఆయన విసిగిపోయి చీటీల చివర "బాగా ఆలోచించే రాశాను" అని రాయడం మొదలుపెట్టారు. అత్త దాని కింద "ఇంకోసారి ఆలోచించండి" అని రాసి పైకి పంపేది. ఆయన ఆలోచించేవారు కూడా.

మామయ్య పద్ధతి వేరు. ఆయన నెమ్మదస్థుడు. కాఫీ తాగాలనిపిస్తే "ఇవాళ కాఫీ వద్దులే" అంటాడు. "కాదు, తాగాల్సిందే" అని అత్త కప్పు తెచ్చి చేతిలో పెడుతుంది. వాళ్ళ సంసారం పద్దెనిమిదేళ్ళుగా ఇలాగే హాయిగా సాగుతోంది.

ఇలాంటి మనిషి దగ్గరికి సలహాకు వెళ్ళడం నా తెలివితక్కువే. కానీ నా పరిస్థితి అలా ఉంది.

ఇంటరు అయ్యాక నాలుగు లా కాలేజీలకు దరఖాస్తు పెట్టాను. ఒక్కదాంట్లో సీటొస్తే చాలనుకున్నాను. నాలుగింట్లోనూ వచ్చింది. ఒక్కటీ రాకపోతే ఏం చెయ్యాలో ముందే ఆలోచించి పెట్టుకున్నాను కానీ, అన్నీ వస్తే ఏం చెయ్యాలో ఎవరూ ఆలోచించలేదు. ఒకటి బాగా పేరున్న పాత కాలేజీ, దాన్ని మేం పెద్ద కాలేజీ అనేవాళ్ళం. ఒకటి సముద్రం ఒడ్డున, ఒకటి కొండ మీద. నాలుగోది మా ఇంటికి రెండు బస్టాపుల అవతల. శుక్రవారం సాయంత్రం అయిదింటికల్లా ఏదో ఒకదానికి వస్తున్నానని చెప్పాలి. చెప్పకపోతే నాలుగూ పోతాయి.

నాన్న లెక్కల మాస్టారు. ఆయన ఒక పెద్ద కాగితం మీద పట్టిక గీసి, పాఠాలు చెప్పేవాళ్ళు, లైబ్రరీ, హాస్టలు, దూరం అని గడులు వేసి మార్కులు ఇచ్చాడు. పెద్ద కాలేజీకి డెబ్బై ఒకటి, సముద్రం కాలేజీకి డెబ్బైన్నర వచ్చాయి. దూరానికి మార్కులు సరిగ్గా పడలేదని అమ్మ అంది. సరిచేస్తే మా ఊరి కాలేజీ ముందుకొచ్చింది. మర్నాడు హాస్టలు మార్కులు మార్చితే కొండ కాలేజీ గెలిచింది. రబ్బరుతో చెరిపి చెరిపి మూడో రోజుకి కాగితానికి చిల్లు పడింది. చిల్లు పడిన చోట అంతకుముందు సముద్రం కాలేజీ ఉండేది.

సోమవారం నేను షాపుకి వెళ్ళి, పెద్ద కాలేజీలో చేరదామనుకుంటున్నానని చెప్పాను.

"కాదు," అంది అత్త. "అక్కడ క్లాసుకి నూట ఇరవై మంది. వెనక కూర్చుంటే మాస్టారు వేలెడంత కనపడతాడు."

"ముందు వరసలో కూర్చుంటాను."

"కాదు, ముందు వరస కావాలంటే తెల్లారేసరికి వెళ్ళి పుస్తకం పెట్టి రావాలి. నువ్వు లేచేసరికి రెండో క్లాసు అవుతుంది."

అరగంటలో నాకు పెద్ద కాలేజీ మీద మోజు పోయింది. సరే, సముద్రం కాలేజీ అన్నాను. కాదు, ఉప్పుగాలికి అక్కడి పుస్తకాలు ఉబ్బిపోయి బీరువాల్లోంచి బయటికి రావు, లైబ్రరీలో ఒక్క ఫ్యానూ తిరగదు అంది. మా ఊరి కాలేజీ అన్నాను. కాదు, ఇంట్లో ఉండి చదివితే అయిదేళ్ళూ మీ నాన్న నీకు పట్టికలు వేస్తూనే ఉంటాడు అంది. అది నిజమే కావచ్చనిపించింది. చివరికి కొండ కాలేజీ అన్నాను. కాదు, అక్కడ ఎనిమిది నెలలు మంచు, ఆరేసిన బట్టలు ఆరవు, లైబ్రరీ ఆరింటికే మూసేస్తారు అంది. అక్కడితో కాలేజీలు అయిపోయాయి. నేను మళ్ళీ పెద్ద కాలేజీ దగ్గరికి వచ్చాను. మంగళవారం అత్త దానికి కొత్త వంకలు వెతికి పెట్టింది.

నన్ను తికమక పెట్టవద్దని చెప్పి రావడానికి బుధవారం నాన్న వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు మా ఊరి కాలేజీ పక్షాన వెళ్ళాడు. గంట తర్వాత చేతిలో విటమిన్ మాత్రల అట్టతో తిరిగొచ్చి, ఉప్పుగాలి ఆరోగ్యానికి మంచిదట, సముద్రం కాలేజీ అయితేనే బాగుంటుంది అన్నాడు. ఇంట్లో ఒక్కరికైనా మతి నిలకడగా ఉండాలని, శుక్రవారం దాకా ఆ షాపు గడప తొక్కనని అమ్మ ఒట్టు పెట్టుకుంది.

గురువారం నాకు మామయ్య గుర్తొచ్చాడు. వెళ్ళి, ఏమైనా సరే కొండ కాలేజీకి మాత్రం వెళ్ళను అన్నాను. అత్త కళ్ళజోడు నుదుటి మీంచి దింపి నన్ను చూసింది.

"కాదు, ఇది మీ మామయ్య పద్ధతి. పద్దెనిమిదేళ్ళ నుంచి ఆయన కాఫీ వద్దనడం, నేను తెచ్చివ్వడం. పాపం, ఆ మాత్రం గెలవనిద్దామని ఇస్తున్నాను. నీకు ఇవ్వను."

శుక్రవారానికి నా బుర్ర పూర్తిగా పాడైపోయింది. కాఫీలో ఉప్పు వేసుకున్నాను. ఎక్కాల్సిన బస్సు వదిలేసి ఎదురుదిశలో వెళ్ళేది ఎక్కాను. సీటు ఇస్తున్నామని కాలేజీలు పంపిన నాలుగు ఉత్తరాలూ పట్టుకుని షాపుకి చేరేసరికి నాలుగు దాటింది. బరువు తూచే మిషను మీద ఒక పెద్దాయన నిలబడి ముల్లు ఆగడం కోసం చూస్తున్నాడు. నేను ఉత్తరాలన్నీ గాజు బల్ల మీద పడేసి, ఏ కాలేజీకీ వెళ్ళను, అసలు లా చదవను, ఇక ఈ మాట ఎత్తవద్దు అని చెప్పేశాను.

అత్త చేతిలో అట్టను చివరిదాకా కత్తిరించింది.

"సరే," అంది.

ఆ మాట ఆమె నోట నేను ఎప్పుడూ వినలేదు. పెద్దాయన కూడా విని ఉండడు. ముల్లు ఆగినా ఆయన దిగలేదు. ఆమె ఉత్తరాలు నాలుగూ ఒకదాని మీద ఒకటి పేర్చి, చెత్తబుట్ట వైపు చెయ్యి చాపింది. నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపాను.

"కాదు," అన్నాను నేను. "నేను చదువుతాను. ఆ కొండ కాలేజీలో ప్రతి శనివారం ఒక గది తెరుస్తారు. చుట్టుపక్కల జనం కాగితాలు పట్టుకుని వస్తారు. ఏం రాసుంటుందో తెలియని కాగితాలు. రెండో ఏడాది పిల్లలు కూర్చుని వాళ్ళ మాట విని, అర్జీలు రాసిపెడతారు. అది చదివినప్పటి నుంచీ నాకు ఆ గదిలో కూర్చోవాలని ఉంది. నాన్న పట్టికలో దానికి గడి లేదు. అందుకని ఎవరికీ చెప్పలేదు."

"బట్టలు ఆరవే," అంది అత్త.

"తడివే కట్టుకుంటాను."

"లైబ్రరీ ఆరింటికే మూసేస్తారు."

"పుస్తకాలు గదికి తెచ్చుకుంటాను."

మంచుకి జలుబు చేస్తుందంది, చెయ్యనిమ్మన్నాను. పెద్ద కాలేజీ పేరు చెబితే అందరూ లేచి నిలబడతారంది, నా కోసం ఎవరూ లేవక్కర్లేదన్నాను. ఇంకో రెండు వంకలు పెట్టింది కానీ వాటిలో పస లేదు. పొద్దుటి నుంచీ నా తలలో ఉన్న గోల ఎప్పుడు ఆగిందో నాకు తెలియలేదు. అత్త మిగతా మూడు ఉత్తరాలూ పక్కకు తీసి, ఫోను నా వైపు జరిపింది.

"నాలుగూ ముప్పావు అయింది. చెయ్యి."

చేశాను. మంచి పని చేశావమ్మా అన్నాడు పెద్దాయన. "కాదు, ముందు మీరు మిషను దిగండి," అంది అత్త.

నెల తర్వాత కొండ మీది హాస్టల్లో దిగాను. వార్డెన్ నడుముకి తాళాల గుత్తి కట్టుకున్న బొద్దుపాటి మనిషి. నా పేరు చూడగానే కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"మందుల షాపు ఆవిడ మేనకోడలివి నువ్వేనా?"

నేనేనన్నాను. నేను ఏ కాలేజీయో తేల్చుకోలేక తిరిగిన ఆ ఒక్క వారంలో అత్త ఆవిడకు తొమ్మిదిసార్లు ఫోన్ చేసిందట. బట్టలు ఎందుకు ఆరవని దెబ్బలాడి, నీళ్ళు కాచే గదిలో దండేలు కట్టించేదాకా వదల్లేదట. లైబ్రేరియన్‌తో మూడు రోజులు వాదించిందట. ఇప్పుడు లైబ్రరీ ఎనిమిదిన్నర దాకా ఉంటోంది.

"ఇంతా చేస్తున్నారు, మీ అమ్మాయి మా దగ్గరికే వస్తోందా అని అడిగాను," అంది వార్డెన్. "కాదు, ఏమో, మిగతా మూడు చోట్లకీ ఇలాగే ఫోన్లు చేస్తున్నాను అన్నారు. మరి ఇవన్నీ బాగుచేయించారని ఆ పిల్లతో చెప్పండి, ధైర్యంగా వస్తుంది అంటే, అస్సలు చెప్పను అన్నారు. దానికి నేనంటే ప్రాణం, నేను ఎటు చూపిస్తే అటు వెళ్ళిపోతుంది, అందుకే అన్నిటికీ వంకలు పెడుతున్నాను, వంకలన్నీ విన్నాక కూడా ఎక్కడికి వెళ్తానంటుందో చూడాలి అన్నారు."

ఆ ఏడాది సముద్రం కాలేజీ లైబ్రరీలో ఫ్యాన్లు తిరగడం మొదలుపెట్టాయని ఆ తర్వాత ఎవరో చెప్పారు. పెద్ద కాలేజీలో వెనక వరసకి వినపడేలా మైకు పెట్టారట. అక్కడ చేరిన పిల్లలకు దాని వెనక ఒక మందుల షాపు ఉందని తెలిసే అవకాశం లేదు.

మొదటి క్లాసుకి అరగంట ఉందనగా అత్తకు ఫోన్ చేసి అంతా తెలిసిందని చెప్పాను. ఆమె వినిపించుకోకుండా, నా మంచం ఎటు వేశారని అడిగింది. కిటికీ పక్కన అన్నాను. వార్డెన్‌కి ఇవ్వు ఫోను అంది. ఇచ్చాను. కిటికీ పక్కన వెలుతురు బాగుంటుందని ఈవిడ, మంచు లోపలికి కొడుతుందని అవతల అత్త. నేను కాసేపు నిలబడ్డాను. గంట మోగితే ఫోను అక్కడే వదిలేసి క్లాసుకి పరుగెత్తాను.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి నా మంచం గోడ వైపుకి జరిగి ఉంది. చదువుకునే బల్ల కిటికీ దగ్గరికి వచ్చింది. వార్డెన్ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. ఫోను ఇంకా ఆవిడ చెవి దగ్గరే ఉంది, మోకాలి నొప్పికి ఏ మాత్ర వేసుకుంటున్నదీ చెబుతోంది.