తప్పుల దేవసహాయం మాస్టారు

బందరు దేవసహాయం మాస్టారికి లోకంలో తెలియని విషయమంటూ లేదు. కాకపోతే అన్నీ తప్పుగా తెలుసు. నోరు జారి ఒక తప్పు చెప్పడం వేరు, అది ఎవరికైనా జరుగుతుంది. ఈయన బల్ల గుద్ది, కళ్ళజోడు సవరించుకుని, గొంతు పెంచి మరీ తప్పు చెప్పేవారు. ఎవరైనా కాదంటే, "నలభయ్యేళ్ళు సైన్సు పాఠం చెప్పానయ్యా, నాకు తెలీదా?" అనేవారు. ఆ నలభయ్యేళ్ళూ ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఇప్పుడు ఏ గతిని ఉన్నారో అని తలచుకుని గుడివాడ కోదండరామయ్య కుమిలిపోయేవాడు.

కోదండరామయ్యకి ఇరవయ్యారేళ్ళు. బి.ఎస్సీ. ఫస్టు క్లాసు. గుడివాడలో హైస్కూలు సైన్సు మాస్టరు. పెళ్ళి శుభలేఖ చేతికొస్తే ముందు అక్షరదోషాలు దిద్ది, ఆ తరవాత ముహూర్తం చూసే మనిషి. అలాంటివాణ్ణి పట్టుకుని పంచాయతీ సమితి ఆఫీసరు పున్నారావు గారు దేవసహాయం మీదికి తోలారు.

సంగతేమిటంటే, మాస్టారు రిటైరయ్యాక ఇంగ్లీషుపాలెంలో తన ఇంటి వసారానే మ్యూజియం చేసి కూర్చున్నారు. ఫార్మలిన్ సీసాల్లో చేపలు, పాములు, పంటని తినే పురుగులు, గవ్వలు, రాళ్ళు, సముద్రం ఒడ్డుకి తోసిన తిమింగలం వెన్నెముకలో ఒక ముక్క, అన్నీ కలిపి మూడొందలు. ఏటా ఒకసారి వాటిని పెట్టెల్లో సర్ది, బస్సు టాపు మీదికెక్కించి, ఊళ్ళు తిరిగి ప్రదర్శన పెట్టేవారు. ప్రతి ప్రయాణంలోనూ నాలుగు సీసాలు పగిలేవి. బస్సులోవాళ్ళు ముక్కులు మూసుకుని కోడూరు దాకా ఆయన్ని తిట్టేవారు. ఈసారి, అంటే 1961లో, కోడూరులో కొత్తగా కట్టిన సమితి హాల్లో ఒక గది ఇచ్చి ఆ మ్యూజియాన్ని శాశ్వతంగా అక్కడే ఉంచుదామని పున్నారావు గారికి బుద్ధి పుట్టింది. నాలుగు రోజుల ప్రదర్శన చూసి, ఈ ముసలాయన చేతిలో గది పెట్టొచ్చో లేదో రిపోర్టు రాయమని కోదండరామయ్యని పంపారు.

కోడూరు హాల్లో మొదటి బల్ల దగ్గరే కోదండరామయ్యకి కళ్ళు తిరిగాయి. రంపపు చేప ముక్కు నాలుగడుగులది నిలబెట్టి ఉంది. దాని కింద చీటీ: 'దొరల కాలం నాటి రంపం. టేకు దుంగలు కోసేది.' పక్కన వరి కాండం తొలిచే పురుగు. చీటీ: 'రైతు మిత్రుడు. చంపరాదు.' ఆ పక్కన ఇనుప రాయి ఒకటి పసుప్పచ్చగా మెరుస్తోంది. చీటీ: 'మేలిమి బంగారం.'

"మాస్టారూ, ఇది బంగారమా?" అన్నాడు కోదండరామయ్య, పళ్ళ బిగువున.

"కాదా?"

"ఇనుమూ గంధకమూ కలిసిన రాయండీ!"

"చిలకలపూడి రోల్డుగోల్డు పనివాడు కూడా అదే మాటన్నాడు బాబూ. గీసి చూపించాడు. మంచి పనివాడు. ఆ వేళ ఓడిపోయాననుకోండి."

"మరి చీటీ మార్చలేదే?"

"ఇంకెవరైనా ఏమంటారోనని ఆగాను," అన్నారాయన, ఆ ముక్క మహా తెలివైనదైనట్టు.

ఆ మధ్యాహ్నం రైతులు పదిమంది వచ్చారు. ఒకాయన రైతు మిత్రుణ్ణి చూసి సీసా ఎత్తి నేలకేసి కొట్టబోయాడు. "కిందటేడు నా రెండెకరాలు ఊడ్చేసింది వీడేనయ్యా! మిత్రుడంటావేంటి?" అని మీదికొచ్చాడు. మాస్టారు వెనక్కి తగ్గలేదు. అది ఎప్పుడొస్తుంది, ఎక్కడ గుడ్లు పెడుతుంది, గింజ పట్టని తెల్ల కంకి ఎలా తెప్పిస్తుందో చెబితే గాని ఒప్పుకోనని భీష్మించారు. రైతులు పదిమందీ కలిసి ముప్పావు గంట పాఠం చెప్పారు. చివరికి మాస్టారు నోటుబుక్కులో రాసుకుని, రెండు చేతులూ ఎత్తి, "ఓడిపోయానండోయ్!" అని ఊరంతా వినిపించేలా అరిచారు. రైతులు మీసాలు దువ్వుకుంటూ వెళ్ళారు.

కోదండరామయ్యకి తలెత్తుకోబుద్ధి కాలేదు. ఉపాధ్యాయ జాతి పరువు మొత్తం ఆ అరుపుతో కోడూరు కాలవలో కలిసిపోయింది.

మర్నాడు ఇంకా అన్యాయం. యేసుదాసని నాటు పడవ నడిపే మనిషి గుమ్మంలో నిలబడి తొంగి చూస్తున్నాడు. మాస్టారు అతన్ని లోపలికి లాగి, "అమావాస్యకి సముద్రంలో పోటు బాగా తగ్గిపోతుంది, తెలుసా?" అన్నారు.

"తగ్గుద్దా?" యేసుదాసు అదిరిపడ్డాడు. "ఎవరు చెప్పారండీ మీకు? అమాసకీ పున్నానికే గదండీ పోటెక్కువ!"

"నలభయ్యేళ్ళు పాఠం చెప్పానయ్యా..."

"పిల్లలకి చెప్పుంటారండి. సముద్రానికి చెప్పలేదు గదా!"

జనం గొల్లున నవ్వారు. కోదండరామయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆ వెంటనే చేపలమ్ముకునే రాజమ్మ అనే ఆవిడ వచ్చింది. చేపల గంప దింపి, సీసాలో ఉన్న బొమ్మిడాయి చేప కేసి చూపించి, ఏం రాశావని అడిగింది.

"నీటిపాము పిల్లమ్మా. మహా విషం."

రాజమ్మ నడుం మీద చెయ్యేసుకుంది. "ఏందయ్యా, బొమ్మిడాయిని పామంటావా? చింతపండేసి పులుసు పెట్టుకు తింటాం గదా! నువ్వు ఎవరి ఇంట్లో పుట్టావయ్యా?" అని మొదలుపెట్టి, వీపు మీద ముళ్ళెన్ని, అది బురదలో ఎలా దూరుతుంది, ఏ నెలలో రుచి, అన్నీ దులిపి వదిలిపెట్టింది. మాస్టారు ఓడిపోయారు. చేతులెత్తారు. అరిచారు.

కోదండరామయ్య ఇంక ఆగలేకపోయాడు. మూడో రోజు ఆదివారం. మాస్టారు పొద్దున్నే చర్చికి వెళ్ళారు. ఆయన అలా గుమ్మం దాటగానే ఇతను కొత్త అట్టముక్కలూ ఇంకుబుడ్డీ తీసి, ముందు బల్లల మీది నూరు చీటీలూ పీకి పారేసి, కొత్తవి రాయడానికి కూర్చున్నాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. తెలుగు పేరు, కింద లాటిన్ పేరు, జాతి, ఉపజాతి. నూరూ రాసేసరికి చెయ్యి వాచింది గాని, మనసు చల్లబడింది. మొదటిసారిగా ఆ గది మ్యూజియంలా కనిపించింది.

జనం వచ్చారు. చదువొచ్చిన వాడొకడు చీటీలు పైకి చదివాడు. మిగతావాళ్ళు చేతులు కట్టుకుని విన్నారు. "ఏమన్నా అడుగుతారా?" అన్నాడు కోదండరామయ్య ఉత్సాహంగా.

"మేమేం అడుగుతామండీ. తమరు రాశారు గదండీ," అన్నారు. నాలుగు నిమిషాల్లో గది ఖాళీ. తరవాతి గుంపు మూడు నిమిషాలు. యేసుదాసు వచ్చి, తువ్వాలు భుజం మీంచి తీసి చంకలో పెట్టుకుని, ఒక్క చుట్టు తిరిగి వెళ్ళిపోయాడు.

రాజమ్మ ఇద్దరు ఇరుగమ్మల్ని వెంటబెట్టుకొచ్చింది. బొమ్మిడాయి దగ్గర ఆగి, "ఇదేం రాశారండీ?" అంది నెమ్మదిగా.

కోదండరామయ్య లాటిన్ పేరు చదివి, అర్థం వివరించాడు.

"అలాగేనండి," అని పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నిన్న అంత నోరేసుకుపడ్డ మనిషి! కాసేపు నిలబడి, "ముసలాయన లేడాండీ?" అంది.

"ఆయనతో ఏం పని?"

"ఆయనన్నీ తప్పులు చెప్తాడండి, దిద్దాల. నిన్న ఇంటికెళ్ళాక ఇంకో రెండు గురుతొచ్చినయ్యి. ఈళ్ళకి కూడా తెలుసండి, చెప్తారని తీసుకొచ్చా."

ఇరుగమ్మలిద్దరూ తలలూపారు. ముగ్గురూ సీసాల వంక ఇంకోసారి చూసి, తప్పు చేసిన వాళ్ళలా గోడ వెంట నడుచుకుంటూ వెళ్ళిపోయారు. ఆ ఖాళీ గదిలో, ఒక్క దోషం లేని నూరు చీటీల మధ్య, కోదండరామయ్య ఒంటరిగా నిలబడ్డాడు. ఏదో ఘోరం జరిగిందనీ, చేసింది తనేననీ తెలుస్తోంది. ఏమిటో మాత్రం అంతు చిక్కలేదు.

మాస్టారు చర్చి నుంచి వచ్చారు. చీటీలన్నీ వరసగా చదివారు. కోప్పడలేదు. బొమ్మిడాయి దగ్గర వంగి, "మాక్రోగ్నాథస్‌లో 'టి' తరవాత 'హెచ్' ఉండాలి బాబూ. మీరు వదిలేశారు," అన్నారు. నాలుగడుగులు వేసి, "ఈ గవ్వకి రాసిన పేరు పాతది. ఇప్పుడు మార్చారు," అన్నారు. అలా పదకొండు తప్పులు పట్టారు, చేతిలో పుస్తకం లేకుండా.

కోదండరామయ్య చేతిలోని కలం కింద పెట్టేశాడు. "మీకు... ఇవన్నీ తెలుసా?"

"నలభయ్యేళ్ళు పాఠం చెప్పానండీ."

"మరి ఆ తప్పులు?"

మాస్టారు పెట్టె మీద కూర్చున్నారు. "మొదట్లో నేనూ ఒప్పులే రాశానండీ. మీకన్నా చక్కగా. వచ్చినవాళ్ళు చిత్తం చిత్తం అని వెళ్ళిపోయేవారు. ఒకావిడ తిమింగలం ఎముకకి బొట్టు పెట్టి దణ్ణం కూడా పెట్టింది. ఓ రోజు మా ఆవిడ దుమ్ము దులుపుతూ రెండు చీటీలు తారుమారు చేసింది. ఆ వేళ ఒక జాలరి నన్ను అరగంట తిట్టాడండీ! అంతకుముందు ఆరుసార్లొచ్చి నోరు విప్పని మనిషి. మర్నాడు వాళ్ళ వాడంతా దిగారు, నాకు చదువు చెప్పడానికి."

"ఎవరూ దిద్దకపోతేనో? ఆ తప్పే నిజమనుకుని పోతారు గదా!"

"పోనిస్తానా? గుమ్మంలో అడ్డంపడి ఇంకా పెద్ద తప్పు చెప్తాను."

"మరి మీ పరువు?"

"ఎక్కడో సీసాలో పెట్టి చీటీ అంటించానండీ. ఏమని రాశానో గుర్తులేదు," అని నవ్వేశారు.

కోదండరామయ్య తను రాసిన చీటీలు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాడు. ఇలాంటి పిచ్చి మనిషి భూమ్మీద ఇంకొకడు ఉండడని అనుకున్నాడు. కాకపోతే ఈసారి ఆ మాటలో తిట్టు లేదు.

ఆఖరి రోజు పున్నారావు గారు జీపు దిగారు. ప్యాంటూ, టోపీ, వెంట ఇద్దరు గుమాస్తాలు. ఆయన్ని చూడగానే హాలంతా బిగుసుకుపోయింది. జాలరులు ఒక మూల, రైతులు ఒక మూల, రాజమ్మా వాళ్ళూ గోడకి అతుక్కుని నిలబడ్డారు. మాస్టారు ముందుకొచ్చి ఏదో పెద్ద తప్పు చెప్పబోయారు. ఆయనకి పొద్దుటి నుంచీ జలుబు. నోరు తెరిస్తే దగ్గే తప్ప మాట రాలేదు.

"వీళ్ళకి ఏమన్నా ఒంటబట్టిందా అసలు?" అన్నారు పున్నారావు గారు పెదవి విరిచి. పెద్ద సీసా మీద చెయ్యి వేసి, "ఇదేమిటి?" అని కోదండరామయ్యని అడిగారు. అది పండుగప్ప చేప.

బి.ఎస్సీ. ఫస్టు క్లాసు కోదండరామయ్య కళ్ళ ముందు ఒక్కసారి మెదిలింది. బల్ల గుద్ది, "ఇది చెరువు చేపండీ. పుట్టుక నుంచి చావు దాకా చెరువే. ఉప్పునీళ్ళ మొహం ఎరగదు!" అన్నాడు.

"ఎవరయ్యా ఆ మాటన్నది?" అంటూ గోడ దగ్గర్నుంచి రాజమ్మ కదిలింది. "పండుగప్ప ఉప్పునీళ్ళు ఎరగదా? గుడ్లు పెట్టడానికి ఏరు సముద్రంలో కలిసే మొగ దాకా పోద్ది బాబూ అది! పిల్లలు ఉప్పుటేరెక్కి పైకొస్తయ్యి."

"ఏ నెలలో?" అన్నారు పున్నారావు గారు, తనకే తెలియకుండా.

రాజమ్మ చెప్పింది. కాదు, ఇంకో నెల ముందే అని యేసుదాసు అడ్డొచ్చాడు. ఆ ఉప్పుటేరు నీళ్ళు పొలాల్లోకి ఎలా ఎగదన్నుతున్నాయో రైతులు ఎత్తుకున్నారు. హాలు సంతలా అయింది. పున్నారావు గారు టోపీ తీసి, బెంచీ మీద కూలబడి, గుమాస్తా చేత రాయించుకోవడం మొదలుపెట్టారు. జీపు ఎక్కేముందు, "ఆ గది దేవసహాయం గారికే," అని చెప్పి వెళ్ళిపోయారు.

రాజమ్మ మాత్రం కదల్లేదు. కోదండరామయ్యని కాళ్ళ నుంచి తల దాకా జాలిగా చూసింది.

"ఈ బాబు కూడా మాస్టరేనాండీ?"

"అవునమ్మా. గుడివాడలో," అన్నారు మాస్టారు, దగ్గు ఆపుకుంటూ.

"పాపం! మీరు మాట వింటారు గాబట్టి కొంచెం నయమైంది. ఈయన్ని కూడా ఇక్కడే ఉంచండి, నాలుగు ముక్కలు చెప్పి పంపుతాం."

మాస్టారు కోదండరామయ్య భుజం మీద చెయ్యి వేశారు. "ఉంచుదామమ్మా. కుర్రాడు మంచివాడే. కాకపోతే చదువు బాగా ఎక్కింది, దిగడానికి రెండేళ్ళు పడుతుంది."