వదిన చేత్తో తెరిచిన లాప్‌టాప్

ఆ రోజు బరంపురంలో ఒక మనిషిని అందరి ముందు దొంగ అన్నాను. అతను దొంగ కాడు.

మా లాప్‌టాప్‌లో హార్డ్‌డిస్క్ పోతే అతని షాపులోనే కొత్తది వేయించాను. గోపాలపూర్‌లో మా ఇంటికి తెచ్చి చూస్తే అంతా బాగానే ఉంది. చేపల లోడ్లకు బిల్లులు టైపు చేసుకునే సాఫ్ట్‌వేరు మాత్రం తెరవబోతే కొనుక్కోమంది. అది లాప్‌టాప్ కొన్నప్పుడే లోపల ఉండి వచ్చింది. దానితో పాటే వచ్చిన, లాప్‌టాప్‌ను నడిపించే అసలు సిస్టం మాత్రం, డిస్కు మారినా తనంతట తానే పని చేస్తోంది. ఇది మాత్రం నేనెవరో తెలియనట్టు మాట్లాడుతోంది. రెండూ ఒకే పెట్టెలో వచ్చినప్పుడు ఒకటి ఉండి ఒకటి ఎలా పోతుంది? ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. అర్థం కానప్పుడు ఎవరో ఒకరిని అనుమానించడం నాకు అలవాటు.

బస్సెక్కి మళ్లీ షాపుకు వెళ్లాను.

“మొదట ఏ మెయిలుతో తెరిసినారు భాయినా?” అని, ఒడియాలో అన్నను పిలిచినట్టు పిలిచి అడిగాడు షాపతను.

“నాదే. నీకు ఇచ్చినాను కదా.”

“మరయితే రావాలే. నాకూ తెలవడం లేదు. ఒక పూట ఉంచండి, సూస్తాను.”

“ఏటి సూస్తావు? తీసి అమ్ముకున్నోడివి నువ్వే. దొంగ షాపు పెట్టినావు.”

అతను కొత్తగా షాపు పెట్టుకున్నాడు. మా వీధి చివర ట్యూషన్లు చెప్పే టీచరమ్మ తన లాప్‌టాప్ బాగుచేయించడానికి అప్పుడే కౌంటరు మీద పెట్టి ఉంది. నా మాట విని దాన్ని సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. అతను ఆమె వెళ్లిన వైపే చూస్తూ ఉండిపోయాడు.

ఇంటికొచ్చి జరిగింది చెబితే నా భార్య అంది, “మొదట తెరిసింది నువ్వు కాదు. అక్క కదా.” అక్కంటే మా వదిన.

మాది సముద్రంలో చేపల వేట చేసుకునే కుటుంబం. కొత్త వలైనా, ఇంజనైనా, ఫోనైనా మొదట వదిన చెయ్యి పడాలి. ఆమె చెయ్యి మంచిదని మా నమ్మకం. లాప్‌టాప్ కూడా ఆమె చేతే తెరిపించి, గౌరవంగా ఉంటుందని మొదటి అకౌంటు ఆమె పేరునే పెట్టాను. తెర మీద రోజూ కనిపించే ఆ పేరును దేవుడి పటంలా చూశాను. సిస్టం లాప్‌టాప్‌నే గుర్తుపడుతుందని, సాఫ్ట్‌వేరుకు మాత్రం తాళంచెవి ఆ మొదటి అకౌంటేనని తట్టలేదు.

వదినకు ఫోన్ చేశాను.

“నాకేటి తెలుసు బాబూ. బొట్టు పెట్టి బొత్తాం నొక్కినాను. మిగతాదంతా నా ఫోను లాక్కొని నువ్వే సేసినావు” అంది. ఆమె అకౌంటుతో తెరవబోతే ఆమె ఫోనుకు వచ్చిన అంకెలు ఆమె ఒక్కొక్కటే చదువుతుంటే నేను లాప్‌టాప్‌లో కొట్టాను. సాఫ్ట్‌వేరు తెరుచుకుంది. సంతోషం కలగలేదు.

సాయంత్రం మళ్లీ షాపుకు వెళ్లి తప్పయిందని చెప్పాను. అతను తల ఎత్తలేదు.

“నాకు సెప్పి ఏటి లాభం భాయినా? ఆ టీచరుకి సెప్పండి. ఈ పాటికి మీ వీధిలో అందరికీ తెలిసిపోయుంటాది.”

గోపాలపూర్ తిరిగొచ్చి టీచరమ్మ గుమ్మంలో నిలబడి మొత్తం చెప్పాను.

“అంటే తెలుసుకోకుండానే అంత మాట అనీసినారా?” అంది.

“అవునమ్మా.”

“మీ మాట ఇని నేను కూడా అతని మొకం సూడకుండా వచ్చేసినాను. ఇప్పుడు ఏటని ఎల్లేది?”

“నేను తీసుకెళ్తాను. ఇవ్వండి.”

లోపలికి వెళ్లి లాప్‌టాప్ ఉన్న సంచి తెచ్చింది. మర్నాడు దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో వెళ్లాను. షాపులో ఎవరూ లేరు. బల్ల మీద కూర్చుని, మనుషులు వచ్చే దాకా ఆగాను. వచ్చినవాళ్లు వినేలా, నిన్న ఇక్కడ ఇతన్ని దొంగన్నది నేనే, తప్పు నాదే అని తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి చెప్పి, టీచరమ్మ లాప్‌టాప్ తీసి అతని ముందు పెట్టాను.