కృపమ్మ మనవరాలికి ఐర్లాండు పేరు

కృపమ్మకు కోపమొస్తే, బహ్రెయిన్‌లోని అరాద్‌లో ఆమె ఆయాగా పనిచేసే ఇంటి యజమానురాలు కూడా వంటగది ఛాయలకు వచ్చేది కాదు. అలాంటి మనిషికి వారానికి సెలవు దొరికే ఒక్క శుక్రవారం నాడు, అదీ బాలింత ఉన్న ఇంట్లో, కన్నకొడుకే ఒళ్ళు మండించాడు.

కొడుకు కాపురముండే ఆ ఇల్లు హూరా పేటలో, మేడ మీద ఒక గది. కొడుకు ఎలియేజరును బహ్రెయిన్ రప్పించింది కృపమ్మే. అతను ఓడలు బాగుచేసే యార్డులో పనివాడు. కోడలు లూర్దుమేరి ఆసుపత్రిలో నర్సు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే వాడి జీతానికి పెళ్ళాంతో కలిసి ఉండే యోగం ఎక్కడిది! ఆ లూర్దుమేరికి ఆడపిల్ల పుట్టి నెల కావస్తోంది.

"అమ్మా, పాపకు పేరు ఖాయం చేసిన. బ్రిడ్జెట్," అన్నాడు ఎలియేజరు.

కృపమ్మ పసిదాని కాళ్ళకు నూనె రాస్తోంది. ఆ చేయి అక్కడే ఆగిపోయింది.

"ఎవర్నడిగి చేసినవ్?"

"అడిగేదేంది, నా బిడ్డ. మా డెంప్సీ సారు గూడ మస్తు ఖుషీ అయిండు."

కృపమ్మను కన్న తండ్రి ఐర్లాండువాడు. దోర్నకల్ జంక్షన్‌లో రైలింజన్ నడిపిన కీగన్ దొర. కన్నాడు, అంతవరకే. పిల్ల పాకే వయసులో సెలవని చెప్పి ఓడెక్కాడు. మళ్ళీ ఈ దిక్కు తొంగి చూస్తే ఒట్టు! పెళ్ళీ లేదు, పేరూ లేదు. తల్లి ముత్తెమ్మ ఇంజన్ల షెడ్డు వెనక బొగ్గులు ఏరి, అమ్మి, పిల్లను సాకింది. పిల్లి కళ్ళు, రాగిరంగు జుట్టు వేసుకుని కృపమ్మ బజారులో నడిస్తే 'దొర పారేసిపోయిన సరుకు' అని నవ్వేవాళ్ళు. ముత్తెమ్మ చీపురు పట్టుకుని వాళ్ళను ఇళ్ళదాకా తరిమేది. ఆ దొర తల్లి పేరు బ్రిడ్జెట్ అని మనవడికి కబుర్లలో చెప్పింది కూడా ముత్తెమ్మే. చెప్పకపోతే బాగుండేది.

ఇన్నాళ్ళూ ఆ దొర ఊసెత్తితే తల దించుకున్న ఎలియేజరుకు ఇప్పుడు ఎక్కడలేని వంశాభిమానం పుట్టుకొచ్చింది. కారణం డెంప్సీ. యార్డుకు కొత్తగా వచ్చిన ఐర్లాండు సూపర్‌వైజరు. 'మా తాత కూడా మీవాడే సార్' అనగానే భుజం తట్టి, ఎండలోంచి తీసి స్టోరులో ఫ్యాను కింద కూర్చోబెట్టాడు. ఆ గాలికి మనవాడి బుర్ర తిరిగిపోయింది.

"మా అమ్మ పేరు పెడ్తనని నీ పెండ్లినాడు మాటిచ్చినవ్ గదరా," అంది కృపమ్మ.

"ఇచ్చిన. అప్పుడు తెల్వక ఇచ్చిన. బ్రిడ్జెట్ అంటే రేపు ఇంగ్లీషు బడిల పిలిచి సీటిస్తరు. బొగ్గులేరిన ముసల్దాని పేరు నా బిడ్డకెందుకు?"

"థూ! నీ నోట్ల మన్ను బడ! ఆ బొగ్గులమ్మిన బువ్వ తినే గదరా నీ తల్లి బతికింది!"

వాళ్ళ ఇళ్ళల్లో ఒక పద్ధతుంది. పెద్దల పేరు పెట్టిన పిల్లను ఎవరూ పేరుతో పిలవరు. ఆ పెద్దమనిషిని ఏ వరసతో పిలిచేవాళ్ళో, పిల్లనూ అదే వరసతో పిలుస్తారు. ముత్తెమ్మ అని పెడితే మనవరాలిని నోరారా 'అమ్మా' అనుకోవచ్చని, కోడలు నెల తప్పిన నాటి నుంచీ కృపమ్మ ఆశపడుతోంది. ముత్తెమ్మ పోయాక ఆ పిలుపు ఆమె నోటికి లేకుండా పోయింది మరి.

"బ్రిడ్జెటంటే నాకు నాయనమ్మ వరసైతది. పొద్దున లేస్తే 'నాయనమ్మా, పాలు తాగు' అనాల్నా నేను? ఆమె ఎన్నడన్న నన్ను మనుమరాలా అన్నదారా? నేనొకదాన్ని పుట్టిన్నని ఆమెకెర్కనా?"

"పిలవకుంటే పిలవకు, పో! పేరు మాత్రం అదే. వచ్చే శుక్రారం పేరు పెట్టే ప్రార్థనకు మా సారు గూడ వస్తుండు. నీ లొల్లి ఆడ పెట్టకు."

"అత్తమ్మా, మీరు కూర్చోండి," అని లూర్దుమేరి ఏదో సర్దిచెప్పబోయింది. "నువ్వు నడుమ నోరు పెట్టకు," అని ఎలియేజరు ఆమె మీదా అరిచాడు.

మరుసటి శుక్రవారం తెలుగు క్రైస్తవ సహవాసం వాళ్ళు ప్రార్థనలకు అద్దెకు తీసుకున్న హాలు నిండిపోయింది. ముందు వరసలో డెంప్సీ, ఉక్కపోతకు మొహమంతా ఎర్రబడి, చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. పిల్లను ఎత్తుకుని ముందుకొచ్చి పేరు చెప్పేది ఇంటి పెద్ద ఆడమనిషి. అది వాళ్ళ ఆనవాయితీ. తానే చెబుతానని ఎలియేజరు పట్టుబడితే సంఘపెద్ద ఆదాము ఒప్పుకోలేదు. "తల్లి ఉండంగ నువ్వెట్ల చెప్తవయ్యా?" అన్నాడు. పదిమందిలో తల్లి ఎదురు తిరగదులే అన్న ధీమాతో ఎలియేజరు పిల్లను అందించాడు. కృపమ్మ కడుపున పుట్టి, ఆమె సంగతి అంతేనా వాడికి తెలిసింది!

"పాప పేరేందమ్మా?" అని ఆదాము అడిగాడు.

కృపమ్మ పిల్లను భుజాన వేసుకుని తిన్నగా డెంప్సీ ముందుకెళ్ళి నిలబడింది. దోర్నకల్ మిషన్ బంగళాలో నేర్చిన ఇంగ్లీషు ఆమెకు ఇంకా పోలేదు.

"అయ్యా, ఒక్క మాట. మీ దేశంలో పెళ్ళాడకుండా బిడ్డను కని మగాడు పారిపోతే, ఆ బిడ్డకు ఎవరి ఇంటిపేరు వస్తుంది?"

"అమ్మా!" అని వెనక నుంచి ఎలియేజరు పళ్ళు కొరికాడు.

డెంప్సీ ఆమె పిల్లి కళ్ళను చూశాడు. ఎవరి గురించి అడుగుతోందో అర్థమైంది కాబోలు, చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"తల్లిదే," అన్నాడు మెల్లగా.

"గట్టిగా చెప్పండి. నా కొడుక్కి వినబడాలి."

"తల్లిదేనమ్మా," అన్నాడు హాలంతా వినబడేలా.

కృపమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఇన్నవారా? చెప్పింది మీ సారే. వాళ్ళ లెక్కన గూడ నేను ముత్తెమ్మ మనిషినే, ఆ దొర మనిషిని కాదు. నీకు ఐర్లాండు కావాల్నంటివి గద, ఐర్లాండోళ్ళ లెక్కనే పెడ్తున్న. ముత్తెమ్మ!"

ఆదాము ఇక ఆలస్యం చేయకుండా పిల్ల తల మీద చెయ్యి పెట్టి అదే పేరుతో ప్రార్థన ముగించాడు. ఆమెన్ అన్నవాళ్ళు కూడా నేల చూపులు చూస్తూనే అన్నారు.

బయట మెట్ల దగ్గర ఎలియేజరు పిల్లను ఆమె చేతుల్లోంచి లాక్కున్నాడు. "నలుగురిల నా ఇజ్జత్ తీసినవ్. ఖలాస్! ఇయ్యాల్టి సంది నా గడప తొక్కకు. నా బిడ్డను తాకకు."

లూర్దుమేరి ఏడుపు మొదలుపెట్టింది. కృపమ్మ ఏడవలేదు. కొడుకు మొహం చూడను కూడా లేదు. వంగి, వాడి చేతుల్లో ఉన్న పసిదాని పాదం ముట్టుకుని, "పోయొస్తనమ్మా," అంది.

ఇన్నేళ్ళకు ఆమెకు మళ్ళీ ఒక అమ్మ దొరికింది. ఆ అమ్మ ఉన్న ఇంటికే ఇక రావద్దన్నారు.