ఎడమవైపు బ్రేకు

మా కింది ఫ్లాటులో ఉండే గిరిప్రసాద్ గారు నాచారం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో భద్రతాధికారిగా చేసి రిటైరయ్యారు. యంత్రాన్ని ఆపే మీట ఎప్పుడూ ఒక్కరి చేతిలోనే ఉండకూడదన్నది ఉద్యోగమంతా ఆయన పాటించిన నియమం. పనిచేసేవాడికి ఒకటి, పక్కన నిలబడ్డవాడికి ఒకటి. పొద్దున షిఫ్టులో రెండూ నొక్కి చూశాకే యంత్రాన్ని తిరగనిచ్చేవారట.

ఆయనకు కారు నడపడం రాదు. ఆయన భార్య ఛాయాదేవి గారికి వచ్చు. ఏలూరు నుంచి వచ్చి ఇక్కడి స్కూల్లో లెక్కలు చెప్పిన ఆవిడ, నలభై దాటాక పట్టుబట్టి నేర్చుకున్నారు. ఎర్ర మారుతి కొన్న వారానికే గిరిప్రసాద్ గారు దాన్ని ఉప్పల్లో బాలరాజు అనే మెకానిక్‌కి అప్పజెప్పి, డ్రైవింగ్ స్కూలు కార్లకు ఉన్నట్టు, తాను కూర్చునే ఎడమవైపు కూడా ఒక బ్రేకు పెట్టించారు.

శనివారం సాయంత్రాలు ఆ కారు ఏఎస్ రావు నగర్ వెళ్లేది. ఇద్దరూ ముందు సీట్లలో, వెనక కూరగాయల సంచులు. మాకు కారు లేదు కాబట్టి మా పాప దీప పుట్టాక వెనక సీటులో నేనూ చేరాను. టీకాలకీ, జ్వరాలకీ ఆ కారే. లోపల ఎప్పుడూ బత్తాయి తొక్కల వాసన ఉండేది. ఛాయాదేవి గారు మూడో ఎక్కం నుంచి మొదలుపెట్టి నడుపుతూనే దీపకు పాటలా చెప్పేవారు. ఎదర ఏ ఆటో కనిపించినా గిరిప్రసాద్ గారి కుడికాలు టక్కున తన బ్రేకు మీద పడేది.

ఒకసారి ఆయన మందుల షాపుకి దిగినప్పుడు, అంకుల్ కాలు బ్రేకు మీద ఉంటే నాకు ధైర్యంగా ఉంటుందన్నాను. ఆవిడ అద్దంలో నన్ను చూసి నవ్వి అసలు సంగతి చెప్పారు. చాలా ఏళ్ల కిందట లాలాపేట్ ఫ్లైఓవర్ మీద ఆయన అవసరం లేకుండా గట్టిగా తొక్కితే వెనక స్కూటరు వచ్చి గుద్దింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కానీ ఆ తర్వాతి సర్వీసింగులోనే ఆవిడ బాలరాజు చేత ఎడమ బ్రేకు కేబుల్ తీయించి, కాలికి తేడా తెలియకుండా అడుగున ఒక స్ప్రింగు పెట్టించారు.

నేను కెమిస్ట్రీ చదివినదాన్ని. రెండు కారణాలు కలిసి పనిచేసేటప్పుడు, ఒకదాన్ని ఆపి చూస్తే తప్ప ఏది పనిచేస్తోందో తెలియదు. ఆయన తొక్కిన ప్రతిసారీ ఆవిడా తొక్కేవారు, కారు ఆగేది. ఫ్యాక్టరీలో రోజూ మీటలు పరీక్షించిన మనిషికి ఇక్కడ పరీక్షించాలనే తోచలేదు. నేను మాత్రం ఆ తర్వాత కారెక్కినప్పుడల్లా పాపను రెండు చేతులా గట్టిగా పట్టుకునేదాన్ని.

ఈ ఏడు ఛాయాదేవి గారి ఎడమ మోకాలు క్లచ్ తొక్కనివ్వనంది. కారు అమ్మేద్దామనుకున్నారు. ప్రకటన నా ఫోన్లో నేనే టైపు చేశాను. ఎడమవైపు అదనపు బ్రేకు ఉందన్నది మొదటి వాక్యంగా ఉండాలని ఆయన పట్టు. ఆవిడ వద్దని నాకు సైగ చేశారు. నేను చివరికి తోశాను, ఆయన మళ్లీ మొదటికి తెప్పించారు.

ఆ వాక్యం చూసే ఉప్పల్ నుంచి నరేందర్ అనే అతను ఫోన్ చేశాడు. భార్యకు డ్రైవింగ్ నేర్పాలట, ఇలాంటి కారు కోసమే వెతుకుతున్నాడట. ఆ సాయంత్రమే ఛాయాదేవి గారు మా తలుపు తట్టారు.

"అతను భార్యని స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి ఆ బ్రేకునే నమ్ముకుంటాడే, సుష్మా. చెప్పకుండా ఎలా అమ్మను? చెప్తే ఈయన మొహం ఎలా చూడను?"

వాళ్లు వచ్చేది ఆదివారం పొద్దున. ఈలోగా కేబుల్ గుట్టుగా కలిపించేద్దామంటే బాలరాజు మేనకోడలి పెళ్లికి ఊరెళ్లాడు, ఆదివారం మధ్యాహ్నానికి గానీ రాడు. నరేందర్‌కి చాటుగా చెప్తానన్నారు ఆవిడ.

ఆదివారం పొద్దున నరేందర్, అతని భార్య పద్మశ్రీ బైకు మీద వచ్చారు. చాటు దొరకలేదు. గిరిప్రసాద్ గారు నరేందర్‌ని ఒక్క క్షణం వదల్లేదు. ఈ బ్రేకు తమను ఎన్నిసార్లు కాపాడిందో చెబుతూ, పద్మశ్రీని స్టీరింగు దగ్గర, అతన్ని ఎడమ సీట్లో ఆయనే కూర్చోబెట్టారు. పద్మశ్రీ తాళం తిప్పింది. ఛాయాదేవి గారు వెళ్లి కిటికీ పట్టుకున్నారు.

"దిగు బాబూ. ఆ బ్రేకు పనిచెయ్యదు."

నరేందర్ ఒకసారి తొక్కి చూసి, "మంచిగనే ఉందిగదమ్మా" అన్నాడు. అడుగున ఉన్నది స్ప్రింగేనని ఆవిడ చెప్పారు. అతనికి నవ్వాగలేదు. "అంటే ఇన్నేండ్లు సార్ ఉత్తగనే తొక్కిండా?"

"జర ఊకో నువ్వు," అంది పద్మశ్రీ.

నరేందర్ దిగాక, గిరిప్రసాద్ గారు తలుపు దగ్గర వంగి ఆ పెడల్‌ని చేత్తో నొక్కి వదిలారు. మళ్లీ నొక్కారు.

"ఎప్పట్నుంచి?"

"లాలాపేట్‌లో స్కూటరు గుద్దినప్పట్నుంచి."

"మరి ఉప్పల్ చౌరస్తాలో ఆ బస్సు అడ్డమొచ్చినప్పుడు?"

"నేనే ఆపానండీ."

ఆయన కారు పైకప్పు మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు. "చెప్పొచ్చుగా, ఛాయా."

"చెప్తే మీరు కారెక్కరు. మీరు పక్కన లేకుండా నేనొక్కదాన్నీ ఎక్కడికి పోను?"

దీప నా చంక దిగుతానని గింజుకుంటోంది. బేరం చెడిందనే అనుకున్నాను. చివరికి నరేందరే, మళ్లీ కలిపిస్తే తీసుకుంటానని మెల్లగా అన్నాడు.

"కలిపించే ఇస్తాను," అన్నారు గిరిప్రసాద్ గారు. "అమ్మాయి నేర్చుకునేదాకా నీకది ఉండాలి. నేర్చుకున్నాక మాత్రం తీయించెయ్యి. నాలాగా ఉంచుకోకు."

మధ్యాహ్నం బాలరాజు షెడ్డుకి బయల్దేరారు. నరేందర్ వాళ్లు బైకు మీద ముందు వెళ్లారు. నేను దీపనెత్తుకుని గేటు దగ్గర నిలబడ్డాను. ఛాయాదేవి గారు మోకాలు సర్దుకుని స్టీరింగు ముందు కూర్చున్నారు. గిరిప్రసాద్ గారు ఎడమవైపు తలుపు తీసి, ఒక నిమిషం ఆలోచించి, వేసేశారు. వెనక తలుపు తీసుకుని ఎక్కారు.

"అదేంటి, వెనక కూర్చున్నారు?" అన్నారావిడ అద్దంలో చూస్తూ.

"కాళ్లు చాపుకుందామని," అన్నారాయన.